ఫోర్‌స్ట్రోక్ మోడల్ విమాన ఇంజన్లు: ఇంధనం ఎంపిక

రేడియోతో నడిపే చిన్న విమానాలకు అమర్చే ఫోర్‌స్ట్రోక్ ఇంజన్లలో చాలావరకు మిథనాల్ మీద నడుస్తాయి. ఆ మిథనాల్‌లో కందెన కోసం నూనె, మంట బలం కోసం కొంత నైట్రోమిథేన్ కలుపుతారు. ఈ మిశ్రమాన్ని గ్లో ఇంధనం అంటారు. స్పార్క్ ప్లగ్‌తో, పెట్రోల్ మీద నడిచేవి రెండో రకం. వీటి వాడకం ఇటీవలి ఏళ్ళలో పెరిగింది. ఇంధనం కొనేటప్పుడు కొత్తవాళ్ళ చూపు డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండే నైట్రో శాతం దగ్గరే ఆగిపోతుంది. ఫోర్‌స్ట్రోక్ ఎన్నేళ్ళు బతుకుతుందనేది మాత్రం చిన్న అక్షరాల్లో ఉండే నూనె వివరం మీద, డబ్బా మీద ఎక్కడా రాయని తేమ మీద ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

నేపథ్యం

మోడల్ విమానాలకు ఫోర్‌స్ట్రోక్‌లు అంతకుముందూ ఉన్నా, అవి వర్క్‌షాపుల్లో కొద్ది సంఖ్యలో తయారైనవే. ఫ్యాక్టరీలో పెద్ద ఎత్తున తయారై దుకాణాలకు వచ్చిన ఫోర్‌స్ట్రోక్‌ల కథ 1976లో జపాన్ సంస్థ ఓ.ఎస్. విడుదల చేసిన ఎఫ్‌ఎస్-60తో మొదలైంది. పేరులోని 60 అంటే 0.60 ఘనపుటంగుళాలు, అంటే దాదాపు 10 సి.సి. 1979లో సైటో సంస్థ ఎఫ్‌ఏ-30తో రంగంలోకి దిగింది. ఎన్యా, యామాడా సంస్థలు కూడా ఈ దారి పట్టాయి. యామాడా ఇంజన్లను మోడలర్లు వైఎస్ అనే పిలుస్తారు.

ఈ ఇంజన్లకు గిరాకీ తెచ్చింది వాటి శబ్దం. టూస్ట్రోక్ గీపెట్టినట్టు అరుస్తుంది. ఫోర్‌స్ట్రోక్ గొంతు తగ్గించి, అసలు విమానంలా మోగుతుంది. మైదానాల చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళ ఫిర్యాదులు పెరుగుతున్న కాలంలో ఇది చిన్న విషయం కాదు. అంతర్జాతీయ ఏరోబాటిక్స్ పోటీల్లో టూస్ట్రోక్‌లకు 10 సి.సి. హద్దు ఉన్న రోజుల్లో ఫోర్‌స్ట్రోక్‌లకు 20 సి.సి. దాకా అనుమతి ఉండేది. 1.20 ఘనపుటంగుళాల ఇంజన్లు అంతగా ప్రచారంలోకి రావడానికి అదొక కారణం.

ఇంజన్ కొత్తదైనా ఇంధనం మాత్రం టూస్ట్రోక్‌ల నుంచి వారసత్వంగా వచ్చిందే. అవే మూడు ద్రవాలు, కాస్త మారిన పాళ్ళు. చిక్కంతా అక్కడే మొదలైంది. నిప్పు అంటుకునే తీరులోనూ, నూనె బేరింగులకు చేరే దారిలోనూ ఈ రెండు రకాల ఇంజన్లకు పోలికే లేదు.

గ్లో ప్లగ్ ఏం చేస్తుంది

గ్లో ప్లగ్‌ను 1947లో అమెరికాకు చెందిన రే ఆర్డెన్ మార్కెట్లోకి తెచ్చాడు. అందులో ప్లాటినం మిశ్రలోహపు సన్నని తీగచుట్ట ఉంటుంది. స్టార్ట్ చేసేటప్పుడు దానికి 1.5 వోల్టుల బ్యాటరీ తగిలిస్తే ఎర్రగా కాలుతుంది. ఇంజన్ అందుకున్నాక బ్యాటరీ తీసేస్తారు. ఆ తర్వాత తీగ వేడిని నిలబెట్టేవి రెండు: అంతకుముందు మంట మిగిల్చిన వేడి, ప్లాటినం ఉపరితలం మీద మిథనాల్ ఆవిరి ఆక్సీకరణ చెందడం వల్ల పుట్టే వేడి. పెట్రోల్‌కు ఈ రెండో గుణం అక్కరకు రాదు కాబట్టే గ్లో ఇంజన్‌లో పెట్రోల్ పోస్తే పని జరగదు.

టూస్ట్రోక్‌లో క్రాంక్ తిరిగిన ప్రతిసారీ ఒక మంట. ఫోర్‌స్ట్రోక్‌లో రెండు చుట్లకు ఒకటి. నిమిషానికి 2,500 చుట్ల ఐడిల్ దగ్గర టూస్ట్రోక్ ప్లగ్‌కు 2,500 మంటలు తగిలితే, ఫోర్‌స్ట్రోక్ ప్లగ్‌కు 1,250 మాత్రమే. మధ్యలో పొగ బయటికి పోవడానికి ఒక స్ట్రోకు, చల్లని తడి మిశ్రమం లోపలికి రావడానికి ఒక స్ట్రోకు. ఆ విరామంలో తీగ చల్లబడిపోతుంది. ఫోర్‌స్ట్రోక్‌ల కోసం ఓ.ఎస్. ప్రత్యేకంగా ఎఫ్ రకం ప్లగ్ తయారు చేసింది ఇందుకే. ఇది వేడిని ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది. టూస్ట్రోక్ ప్లగ్ బిగించి, ఐడిల్ నిలవడం లేదని నైట్రో శాతం పెంచుకుంటూ పోవడం మైదానాల్లో తరచూ కనిపించే తప్పు. ఇంధనం మార్చేముందు ప్లగ్ మార్చి చూడటం చవక.

ఇంకో సంగతి. స్పార్క్ ఇంజన్‌లో నిప్పు ఎప్పుడు పడాలో ఒక పరికరం నిర్ణయిస్తుంది. గ్లో ఇంజన్‌లో అలాంటిదేమీ ఉండదు. కంప్రెషన్ నిష్పత్తి, ప్లగ్ వేడి, మిశ్రమంలో గాలి పాలు, నైట్రో శాతం కలిసి ఆ క్షణాన్ని తేలుస్తాయి. అంటే ఇంధనం మార్చినవాడు తనకు తెలియకుండానే ఇగ్నిషన్ టైమింగ్ మార్చినట్టు. గ్లో ఇంధనాల గురించి ఈ ఒక్కటి పట్టుబడితే మిగతా సలహాల్లో సగం వాటంతట అవే అర్థమవుతాయి.

మిథనాల్

పెట్రోల్ కిలోకు దాదాపు 44 మెగాజౌళ్ళ వేడి ఇస్తే మిథనాల్ 20 మాత్రమే ఇస్తుంది. అయినా మిథనాల్ ఇంజన్ బలహీనం కాదు. ఇంజన్ సిలిండర్‌లో పట్టేది ఇంత గాలి అని ఖాయం. లెక్క చూడాల్సింది ఆ గాలిలో ఎంత ఇంధనం మండుతుందన్నది. కిలో పెట్రోల్ మండడానికి 14.7 కిలోల గాలి కావాలి. కిలో మిథనాల్‌కు 6.45 కిలోలు చాలు. కాబట్టి కిలో గాలికి లెక్కిస్తే రెండూ దాదాపు మూడు మెగాజౌళ్ళ దగ్గరే తేలతాయి. మిథనాల్ ఒక పిసరు ముందు. దీనికి చెల్లించే మూల్యం ట్యాంకు సైజు. అదే పనికి బరువులో రెండింతలకు మించి ఇంధనం ఖర్చవుతుంది.

అసలు లాభం చల్లదనంలో ఉంది. కిలో మిథనాల్ ఆవిరి కావడానికి సుమారు 1,100 కిలోజౌళ్ళ వేడిని లాగుతుంది, పెట్రోల్ 350. మిథనాల్ ఖర్చు కూడా ఎక్కువ కాబట్టి కిలో గాలికి లెక్కిస్తే ఈ చల్లదనం పెట్రోల్ కంటే ఏడు రెట్లు. సముద్ర తీరపు తేమ గాలిలో ఇంజన్ నడుస్తుండగా సిలిండర్ హెడ్ చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే, దానికి అంగుళం దూరంలోని కార్బ్యురేటర్ మీద నీటి బొట్లు పట్టి ఉంటాయి. గాలితో చల్లబడే చిన్న ఇంజన్‌కు ఈ గుణం ప్రాణాధారం. ఆక్టేన్ విలువ కూడా వందకు పైనే కావడంతో ఎక్కువ కంప్రెషన్‌ను తట్టుకుంటుంది.

నైట్రోమిథేన్

నైట్రోమిథేన్ తనలో కొంత ఆక్సిజన్‌ను తెచ్చుకుంటుంది. కిలో నైట్రో మండడానికి 1.7 కిలోల గాలి సరిపోతుంది. దాని వేడి కిలోకు 11 మెగాజౌళ్ళ పైచిలుకే అయినా, కిలో గాలికి లెక్కిస్తే 6.6కు చేరుతుంది. మిథనాల్‌తో పోలిస్తే రెట్టింపుకు పైగా. నైట్రో అంటే బలం అన్న మాటకు ఆధారం ఇదే.

ఆ బలం ఎంతో లెక్క కడితే ఉత్సాహం కొంత చల్లారుతుంది. ఘనపరిమాణంలో 15 శాతం నైట్రో, 18 శాతం నూనె, మిగతా మిథనాల్ ఉన్న ఇంధనం తీసుకుందాం. నైట్రో లేని ఇంధనంతో పోలిస్తే దీనివల్ల కాగితం మీద పెరిగే శక్తి దాదాపు 9 శాతం. ప్రొపెల్లర్ పీల్చుకునే శక్తి దాని వేగపు ఘనంతో పెరుగుతుంది కాబట్టి, 9 శాతం శక్తి పెరిగితే వేగం 3 శాతం పెరుగుతుంది. నిమిషానికి 9,000 చుట్లు తిరిగే ఇంజన్ 9,260 తిరుగుతుంది. 10 శాతం నైట్రో నుంచి 15కు పోతే వచ్చే తేడా సుమారు 90 చుట్లు. టాకోమీటర్ లేకుండా చెవితో దాన్ని పట్టుకోగలనని ఎవరైనా అంటే నమ్మక్కర్లేదు. నిజమైన ఇంజన్‌లో అంకెలు కాస్త అటూ ఇటూ అవుతాయి గాని, కథ మారదు.

మరి ఫోర్‌స్ట్రోక్‌కు నైట్రో ఎందుకు? ఐడిల్ నిలకడ కోసం, థ్రాటిల్ తెరవగానే తడబడకుండా అందుకోవడం కోసం, కార్బ్యురేటర్‌లో ఇంధనం పాళ్ళను సరిచేసే నీడిల్ కొంచెం అటూ ఇటూ ఉన్నా ఇంజన్ సర్దుకుపోవడం కోసం. ముందు చెప్పుకున్న చల్లబడే ప్లగ్‌కు నైట్రో ఇచ్చే ఆసరా ఇదే. విమానం దిగేటప్పుడు ఇంజన్ ఆగిపోతే ముళ్ళకంపలో వెతుక్కోవాల్సి వచ్చే మనిషికి 90 చుట్ల కంటే ఈ నిలకడ విలువైనది. సాధారణ ఫోర్‌స్ట్రోక్‌లకు ఈ ప్రయోజనం 5 నుంచి 10 శాతంలోనే దాదాపుగా అందుతుంది. చాలా తయారీ సంస్థలు 10–15 శాతం సూచిస్తాయి. అమెరికాలో 15 మామూలైతే, నైట్రో ధర మండిపోయే యూరప్‌లో 5తో ఏళ్ళ తరబడి ఎగరేస్తున్నవాళ్ళు ఎందరో. వైఎస్ సూపర్‌ఛార్జ్డ్ ఇంజన్ల సంగతి వేరు. క్రాంక్‌కేస్‌నే పంపుగా వాడుకునే ఆ ఇంజన్లకు 20 శాతం నైట్రో, 20 శాతం నూనె కలిసిన మిశ్రమం ప్రత్యేకంగా డబ్బాల్లో దొరుకుతుంది. వాటి కోసం చెప్పిన సలహాను మామూలు ఇంజన్‌కు వర్తింపజేయకూడదు.

నైట్రో అతి అయితే మంట ముందుగా అందుకుంటుంది. పిస్టన్ పైకి రాకముందే పేలుడు దాన్ని కిందికి తోస్తుంది. మేకు మీద సుత్తి కొట్టినట్టు టకటక శబ్దం వినిపిస్తుంది. ఇంధనం పాలు తగ్గి మిశ్రమం పలచబడినా ఇదే గతి. ఫోర్‌స్ట్రోక్‌లో ఈ తన్నుకు ప్రొపెల్లర్ నట్టు ఒక్క క్షణంలో వదులై, ప్రొపెల్లర్ ఇంజన్‌ను విడిచి ముందుకు ఎగిరిపోగలదు. ఈ ఇంజన్లకు రెండో నట్టు, అంటే లాక్ నట్టు, ఇచ్చేది అందుకే. దాన్ని పెట్టెలోనే వదిలేసి నడిపేవాళ్ళు ప్రొపెల్లర్‌కు ఎదురుగా గాని, పక్కన అది తిరిగే గీతలో గాని నిలబడకపోవడం మేలు.

శాతం మార్చినప్పుడు నీడిల్ కూడా మార్చాలి. 15 శాతం నైట్రో ఉన్న ఇంధనం అదే గాలికి నైట్రో లేని ఇంధనం కంటే బరువులో దాదాపు ఐదో వంతు ఎక్కువ పోయాలి. 5 శాతం ఇంధనానికి అమర్చిన నీడిల్‌తో 15 శాతం ఇంధనం పోసి నేరుగా ఎగరేస్తే ఇంజన్ పలచని మిశ్రమంతో నడుస్తుంది. చెప్పుకున్న టకటక మొదలయ్యేది అప్పుడే.

నూనె

టూస్ట్రోక్‌లో ఇంధనం మొత్తం క్రాంక్‌కేస్ గుండా పోతుంది. బేరింగులు నిత్యం నూనెలో తడుస్తాయి. ఫోర్‌స్ట్రోక్‌లో ఇంధనం ఇన్‌టేక్ వాల్వ్ గుండా నేరుగా సిలిండర్‌లోకి వెళ్తుంది. మోటార్‌సైకిల్ ఇంజన్‌కు ఉన్నట్టు అడుగున విడిగా నూనె తొట్టి లేదు. పిస్టన్ రింగు పక్క నుంచి కిందికి జారే కొద్దిపాటి నూనెతోనే క్రాంక్‌షాఫ్ట్ బేరింగులు, క్యామ్, లిఫ్టర్లు, పుష్‌రాడ్‌లు, పైన రాకర్లు అన్నీ బతకాలి. ఎక్కువైనది బ్రీదర్ అనే చిన్న గొట్టం నుంచి బయటికి పోతుంది.

ఆ దారినే నూనెతోపాటు కాలిన వాయువులూ దిగుతాయి. వాటిలో నీటి ఆవిరి ఉంది, మిథనాల్ సగం మండితే వచ్చే ఫార్మిక్ ఆమ్లం ఉంది, నైట్రో వల్ల పుట్టే నైట్రోజన్ ఆక్సైడ్లు తేమతో కలిస్తే తయారయ్యే ఆమ్లం ఉంది. ఇంజన్ ఆగి చల్లబడ్డాక ఇవన్నీ క్రాంక్‌కేస్‌లో ఉక్కు భాగాల మీద కూర్చుంటాయి. నెలపాటు అటకెక్కిన ఫోర్‌స్ట్రోక్‌ను తీసి ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పితే ఇసుక నలిగినట్టు తెలిసేది వెనుక బేరింగు తుప్పు. ఫోర్‌స్ట్రోక్‌లు అరిగి పోయేదాని కంటే తుప్పు పట్టి పోయేదే ఎక్కువ. కాబట్టి నూనెను ఎంచేటప్పుడు జారుడు గుణంతోపాటు తుప్పును ఆపే గుణాన్నీ చూడాలి.

దొరికేవి రెండు జాతులు. ఒకటి ఆముదం. ఎంత వేడెక్కినా లోహాన్ని విడిచిపెట్టదు. మిశ్రమం పలచబడి ఇంజన్ కాగిపోతున్నప్పుడు మిగతా నూనెలు ఆవిరైపోతే ఆముదం చిక్కబడి, పొరలా అంటుకుని పిస్టన్‌ను కాపాడుతుంది. తుప్పును బాగా ఆపుతుంది. దాని లోపమూ ఆ గుణం నుంచే పుట్టింది. గోధుమ రంగు వార్నిష్ లాగా గట్టిపడి ఎగ్జాస్ట్ వాల్వ్ కాడను గైడులో పట్టేస్తుంది. కొంతకాలం వాడని ఇంజన్‌లో వాల్వ్ తెరుచుకుని అలాగే నిలిచిపోతే కంప్రెషన్ అసలు తెలియదు. టూస్ట్రోక్‌కు వాల్వులే లేవు కాబట్టి దానికి ఈ బాధ లేదు.

రెండోది సింథటిక్ నూనె, ఎక్కువగా పాలీ ఆల్కిలీన్ గ్లైకాల్ జాతివి. శుభ్రంగా కాలుతుంది, జిగురు మిగల్చదు, చలిలోనూ పారుతుంది. హద్దు దాటి వేడెక్కితే మాత్రం కాలిపోయి లోహాన్ని ఒంటరిగా వదిలేస్తుంది. తుప్పును ఆపడంలో ఆముదం తర్వాతే.

అందుకే ఫోర్‌స్ట్రోక్‌కు రెండూ కలిసిన నూనె మేలు. మొత్తం ఇంధనంలో నూనె 18 శాతం అనుకుంటే అందులో 2 నుంచి 4 పాళ్ళు ఆముదం, తక్కినది సింథటిక్. ఈ పాళ్ళకు తిరుగులేని శాస్త్రీయ రుజువంటూ లేదు. వాల్వ్ పట్టేయకుండా బేరింగు తుప్పు పట్టకుండా మధ్యేమార్గం ఇది. తయారీ సంస్థ నూనెకు ఒక కనీస శాతం చెప్పి ఉంటే దాన్ని దాటి కిందికి పోకూడదు. నూనె తగ్గిస్తే పొగ తగ్గి, రెక్క తుడుచుకునే పని తగ్గుతుందన్న ఆశ తప్ప 15 శాతం కంటే దిగువకు వెళ్ళడానికి మామూలు మోడలర్‌కు వేరే కారణం కనిపించదు. కొత్త ఇంజన్ భాగాలు ఒకదానికొకటి కుదురుకునే మొదటి ట్యాంకులకు 20 శాతం నూనె, మందపాటి మిశ్రమం, తక్కువ వేగం అన్నది పాత పద్ధతి. అది ఇప్పటికీ చెల్లుతుంది.

ఆముదం విషయంలో తెలుగు నేలకు చుట్టరికం ఉంది. ప్రపంచంలో ఆముదాలు ఎక్కువగా పండించే దేశం భారతదేశమే. సింహభాగం గుజరాత్‌ది, తెలంగాణలో పాలమూరు, నల్లగొండ మెట్ట భూములకు ఇది పాత పంట. నూనెగింజల మీద పరిశోధన చేసే జాతీయ సంస్థ ఉన్నది హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోనే. అలాగని ఇంట్లోని ఆముదం ఇంజన్‌కు పనికిరాదు. గింజలు వేయించి, దంచి, నీళ్ళలో ఉడకబెట్టి పైకి తేలిన నూనెను తీసే వంటాముదంలో తేమ, జిగురు పదార్థాలు మిగిలి ఉంటాయి. ఇంజన్‌కు కావలసింది జిగురు తీసి శుద్ధి చేసిన మేలురకం ఆముదం.

ఆముదం మిథనాల్‌లో ఇట్టే కరుగుతుంది, పెట్రోల్‌తో సరిగ్గా కలవదు. మొదటి ప్రపంచ యుద్ధంలో విమానాలను నడిపిన నోమ్, ల రోన్ రోటరీ ఇంజన్లకు ఆముదం వాడింది ఆ రెండో గుణం చూసే: క్రాంక్‌కేస్ గుండా పోయే పెట్రోల్ ఆ నూనెను కడిగేసేది కాదు. ఇందుకు సరిగ్గా ఉల్టా, పెట్రోల్ బంకులో దొరికే 2టి ఆయిల్ పెట్రోల్‌లో కరుగుతుంది, మిథనాల్‌లో కరగదు. చవకగా వస్తుందని మిథనాల్‌లో 2టి కలిపి కుదిపితే కాసేపు కలిసినట్టే ఉంటుంది. పది నిమిషాలు ఊరకుండనిస్తే రెండు పొరలుగా విడిపోతుంది. ఆ డబ్బా నుంచి పోసిన మొదటి ట్యాంకులో నూనె ఉండకపోవచ్చు, ఇంజన్‌కు అదే ఆఖరి ట్యాంకు కావచ్చు.

డబ్బా మీది అంకెలు

నైట్రోమిథేన్ సాంద్రత మిల్లీలీటరుకు 1.14 గ్రాములు, మిథనాల్‌ది 0.79. ఇంత తేడా ఉన్నప్పుడు శాతం ఘనపరిమాణంలోదా, బరువులోదా అన్నది తెలియకపోతే అంకెకు అర్థం లేదు. ఘనపరిమాణంలో 15 శాతం నైట్రో ఉన్న ఇంధనంలో బరువు ప్రకారం నైట్రో దాదాపు 19.5 శాతం ఉంటుంది. 10 శాతానిది 13 పైచిలుకు. అమెరికన్ డబ్బాల మీద మామూలుగా ఘనపరిమాణం శాతమే వేస్తారు.

ఈ లెక్కకు చట్టపరమైన ప్రాధాన్యమూ ఉంది. నైట్రోమిథేన్‌ను పేలుడు పదార్థాల ముడిసరుకుల జాబితాలో పెట్టిన ఐరోపా సమాఖ్య, 2019లో చేసిన నిబంధనతో సాధారణ ప్రజలకు అమ్మే మిశ్రమాల్లో దాని హద్దును బరువులో 16 శాతానికి దించింది. 2021 ఫిబ్రవరి నుంచి ఇది అమల్లో ఉంది. అంటే అమెరికాలో మామూలుగా అమ్ముడయ్యే 15 శాతం ఇంధనం అక్కడ లైసెన్సు లేనిదే కొనలేని సరుకైంది. 10 శాతంది యథేచ్ఛగా దొరుకుతుంది. యూరప్‌లో ఉంటున్న తెలుగు మోడలర్లు ఇండియా నుంచో అమెరికా నుంచో వచ్చిన సలహాను అమలుచేసేముందు ఈ సంగతి గమనించాలి.

నైట్రో అంకె ఒక్కటే బలానికి కొలత కాదు. విమానాన్ని తీగలతో పట్టి గుండ్రంగా ఎగరేసే కంట్రోల్‌లైన్ స్పీడ్ పోటీల్లో అందరికీ ఒకే ఇంధనం ఇస్తారు: 80 శాతం మిథనాల్, 20 శాతం ఆముదం, నైట్రో సున్నా. ఆ పోటీల్లోని టూస్ట్రోక్‌లు గంటకు దాదాపు 300 కిలోమీటర్ల వేగంతో విమానాన్ని లాగుతాయి. నైట్రో లేని లోటు తీరేంత కంప్రెషన్‌తో వాటిని రూపొందిస్తారు.

పెట్రోల్ ఫోర్‌స్ట్రోక్‌లు

సైటో ఎఫ్‌జి వరుసలాంటి ఇంజన్లు స్పార్క్ ప్లగ్, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్‌తో పెట్రోల్ మీద నడుస్తాయి. ఇగ్నిషన్ పెట్టె, దానికో బ్యాటరీ అదనపు బరువు. ప్రతిగా ట్యాంకు చిన్నదవుతుంది, ఖర్చు బాగా తగ్గుతుంది, విమానం మీద నూనె మరకలు దాదాపు ఉండవు. నైట్రో అనే ప్రశ్నే లేదు. అయితే వీటిలోనూ క్రాంక్‌కేస్‌కు అందే నూనె ఇంధనంలో కలిపినదే కాబట్టి సైటో 20:1 పాళ్ళు కోరుతుంది. లీటరు పెట్రోల్‌కు 50 మిల్లీలీటర్ల మంచి సింథటిక్ టూస్ట్రోక్ నూనె. గడ్డికోత యంత్రాలకు 50:1 చాలుతోందని ఇక్కడా అలాగే కలపడం ప్రమాదం.

భారతదేశంలో 2023లో అమ్మకానికి వచ్చి 2025 నాటికి దేశమంతా పరచుకున్న ఇ20 పెట్రోల్‌లో ఐదో వంతు ఇథనాల్ ఉంటుంది. మండడానికి దానికి కావలసిన గాలి తక్కువ కాబట్టి ఇథనాల్ లేని పెట్రోల్‌కు అమర్చిన నీడిల్‌తో ఇది పోస్తే మిశ్రమం దాదాపు 8 శాతం పలచనవుతుంది. నీడిల్ కాస్త తెరవడంతో ఆ సంగతి తీరిపోతుంది. తీరనిది తేమ. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. హద్దు దాటితే నీరు, ఇథనాల్ కలిసి అడుగుకు దిగిపోతాయి. కార్బ్యురేటర్ డయాఫ్రం కూడా గట్టిపడుతుంది. ఎప్పటికప్పుడు కొద్దిగా కొని కలుపుకోవడం, సీజన్ అయ్యాక ట్యాంకు, కార్బ్యురేటర్ ఖాళీ చేయడం తప్ప దగ్గరి దారి లేదు. గొట్టాల్లోనూ తేడా ఉంది: గ్లో ఇంధనానికి వాడే సిలికాన్ గొట్టం పెట్రోల్‌లో ఉబ్బి మెత్తబడుతుంది. పెట్రోల్‌కు టైగాన్ లేదా వైటాన్ గొట్టమే వాడాలి.

ఊరు, రుతువు, సరఫరా

హైదరాబాద్ సముద్ర మట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడి గాలి విశాఖపట్నం గాలి కంటే ఐదారు శాతం పలచన. దీనికి రుతువు తోడవుతుంది. డిసెంబరు ఉదయం 15 డిగ్రీల గాలితో పోలిస్తే మే మధ్యాహ్నం 42 డిగ్రీల గాలి సాంద్రత దాదాపు 9 శాతం తక్కువ. 15 శాతం నైట్రో కాగితం మీద ఇచ్చే లాభమంతా ఎండ ఒక్కటే మింగేస్తుందన్నమాట. గాలి పలచబడితే ఇంధనమూ తగ్గాలి కాబట్టి వేసవిలో నీడిల్ కాస్త మూయాలి, చలికాలంలో తెరవాలి. పూర్తి థ్రాటిల్‌లో వేగం శిఖరానికి చేరేదాకా నీడిల్ మూసి, అక్కడి నుంచి 200–300 చుట్లు తగ్గేలా తెరవడం, ఆపై విమానం ముక్కును ఆకాశానికి ఎత్తిపట్టి వేగం పడిపోవడం లేదని చూసుకోవడం అన్ని ఊళ్ళలోనూ పనిచేసే పద్ధతి. మండుటెండలో ఆ శిఖరం మీదే వదిలేస్తే రెండు నిమిషాలు గడవకముందే ఇంజన్ నీరసిస్తుంది.

భారతదేశంలో అసలు కష్టం మిథనాల్ దొరకడం. కల్తీసారాలో చేరి ప్రాణాలు తీసే ద్రవం ఇదే. 2024 జూన్‌లో తమిళనాడులోని కళ్ళకురిచ్చిలో అరవై మందికి పైగా చనిపోయింది దీనివల్లే. 1919 నాటి విషాల చట్టం కింద చాలా రాష్ట్రాలు దీని అమ్మకాన్ని, నిల్వను నియంత్రిస్తాయి. కెమికల్ దుకాణంలో అడిగితే కాగితాలు అడుగుతారు. అడగని దుకాణంలో కొనడం చట్టానికీ, సరుకు స్వచ్ఛతకూ రెండింటికీ చేటు. మామూలు మోడలర్‌కు మంచి దారి హాబీ దుకాణాల్లో సీలువేసి అమ్మే తయారు ఇంధనం. ధర ఎక్కువే. ఆ ఖర్చు భరించలేక చాలామంది పెట్రోల్ వైపో, బ్యాటరీ మోటార్ల వైపో మళ్ళారు. విమాన ప్రయాణంలో సామానులో గ్లో ఇంధనం తేవడం నిషిద్ధం.

మిథనాల్ పది మిల్లీలీటర్లు కడుపులోకి పోయినా కళ్ళు పోవచ్చు. చర్మం గుండా, ఊపిరి గుండా కూడా ఒంట్లోకి చేరుతుంది. గొట్టాన్ని నోటితో పీల్చి ఇంధనం తోడే అలవాటు ఉన్నవాళ్ళు దాన్ని వెంటనే మానాలి. పది రూపాయల సిరంజి ఆ పని చేస్తుంది. ఎండలో మిథనాల్ మంట కంటికి కనిపించదు. మైదానంలో మంటార్పడానికి నీళ్ళ బకెట్ చాలు, మిథనాల్ నీటిలో పూర్తిగా కలిసిపోతుంది. పెట్రోల్ మంటకు ఆ బకెట్ పనికిరాదు.

నిల్వ, వాడిన తర్వాత

నీటిలో కలిసిపోయే ఆ గుణమే డబ్బా మూత వదులైతే శత్రువు. గాలిలోని తేమను మిథనాల్ అదే పనిగా పీలుస్తుంది. విశాఖ, కాకినాడ, నెల్లూరు గాలిలో ఇది త్వరగా జరుగుతుంది. నీరు చేరిన ఇంధనంతో ఐడిల్ నిలవదు, ప్లగ్‌లు అకారణంగా చల్లబడిపోతాయి, నీడిల్ ఎంత తిప్పినా ఒక చోట కుదరదు. అప్పుడు కార్బ్యురేటర్‌ను విప్పడం కంటే కొత్త డబ్బా తెరిచి చూడటం తెలివైన పని. మూత బిగించి, ఎండ తగలని చోట, నిండా ఉన్న చిన్న డబ్బాల్లో దాచుకుంటే ఇంధనం ఏళ్ళ తరబడి పాడవదు. సగం ఖాళీ అయిన పెద్ద డబ్బాలోని గాలి ఇంధనాన్ని పాడుచేస్తుంది.

రోజు ముగిశాక ట్యాంకు ఖాళీ చేసి, గొట్టం ఊడదీసి, ఇంజన్‌ను మళ్ళీ స్టార్ట్ చేసి దానంతట అది ఆగేదాకా నడపాలి. కార్బ్యురేటర్‌లో, సిలిండర్‌లో మిగిలిన మిథనాల్ అలా కాలిపోతుంది. తర్వాత ఇంజన్ వేడిగా ఉండగానే ప్లగ్ విప్పి కొన్ని చుక్కలు, బ్రీదర్ గొట్టంలో సిరంజితో ఒకటి రెండు మిల్లీలీటర్లు పలచని ఆఫ్టర్‌రన్ నూనె వేసి ప్రొపెల్లర్‌ను చేత్తో పదిసార్లు తిప్పాలి. కార్ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ద్రవం కూడా ఇందుకు సరిపోతుంది. ఆముదం పనికిరాదు, గట్టిపడుతుంది. బ్రీదర్‌ను మరిచి ప్లగ్ రంధ్రంలోనే నూనె పోసి ఊరుకుంటే పిస్టన్‌కు రక్షణ దొరుకుతుంది గాని వెనుక బేరింగుకు చుక్క కూడా చేరదు. చివరగా ప్రొపెల్లర్‌ను కంప్రెషన్ తగిలేదాకా తిప్పి అక్కడ వదలాలి. రెండు వాల్వులూ మూసి ఉండే ఆ స్థితిలో బయటి తేమ సిలిండర్‌లోకి దిగదు, వాల్వ్ స్ప్రింగుల మీద ఒత్తిడీ తక్కువ.